బొటనవేలంత

మా నాన్న చేతి కొలతకు తెనాలిలో పేరుండేది. ఒక బట్టల కొట్లో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా చేశాడు. నేను బాపట్లలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో సాయంత్రం పాసింజరు దిగి, నేరుగా ఆ కొట్టుకే వెళ్లి, మెట్ల మీద కూర్చుని ఆయన పని చూసేవాణ్ణి. తానులోంచి గుడ్డ లాగి ఇనప కడ్డీ వెంట పరిచేవాడు. కడ్డీ కొస దగ్గర బొటనవేలు అడ్డంగా ఆనించి, ఆ వేలికి అవతలి నుంచి రెండో మీటరు ఎత్తుకునేవాడు. మళ్లీ కొస, మళ్లీ వేలు. అడిగినన్ని మీటర్లు అయ్యాక కత్తెరతో అంచున చిన్న గాటు పెట్టి, రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజితే గుడ్డ చర్రున చిరిగేది. అంచు వంకరపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆడవాళ్లు ఆ బొటనవేలి కోసమే వచ్చేవారు. "ఆయన చేత కొలిపించుకోండమ్మా, మీటరుకి బొటనవేలంత కొసరు పడుద్ది" అని ఒకరికొకరు చెప్పుకునేవారు. షావుకారు గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి కాఫీకి వెళ్లే వేళ కనిపెట్టి వచ్చేవాళ్లు కూడా ఉండేవారు. ఆ వేళల్లో కొసరు ఖాయమని ఊళ్లో వాళ్లకి తెలుసు. జాకెట్టు గుడ్డ అతుకు లేకుండా సరిపోయిందంటే మా నాన్న పుణ్యమే అనేవారు. మెట్ల మీద కూర్చున్న నాకు ఆ మాట వినపడితే వీపు నిటారుగా అయ్యేది.

షావుకారూ మంచివాడే. నాకు వచ్చింది పేమెంటు సీటు. మొదటి ఏడాది అమ్మ గాజులు అమ్మి కట్టారు. రెండో ఏడాది ఇంట్లో అమ్మడానికి ఏమీ లేకపోతే ఆయనే ఫీజు కట్టాడు. తిరిగి అడగలేదు. అప్పట్నించి సంక్రాంతికి మా ఇంట్లో వండిన అరిసెల్లో మొదటి పళ్లెం వాళ్లింటికే వెళ్లేది. అమ్మే పట్టుకెళ్లేది. నాన్న ఒక్కసారి కూడా తనతో వెళ్లలేదు. యజమాని ఇంటికి పండగనాడు వెళ్లడం మొహమాటమేమో అనుకునేవాణ్ణి.

షావుకారు పోయాక కొడుకులు 2008లో కొట్టు ఎత్తేశారు. పాత మనిషి కదా, ఏం కావాలో అడగమన్నారు. నాన్న అడిగింది ఆ కడ్డీ ఒక్కటే. పాత గుడ్డ చుట్టి ఇంటికి తెచ్చి, మంచం కింద ట్రంకుపెట్టె పక్కన పెట్టుకున్నాడు. మీటర్లు వచ్చి దశాబ్దాలు దాటినా ఆయన నోట అది 'గజంబద్దే'.

ఇక నా పరుగు సంగతి. నేను రోడ్ల పనిలో సైట్ ఇంజనీర్ని. 2009 జనవరిలో పని మీద ముంబయి వెళ్లినప్పుడు మెరైన్ డ్రైవ్ మీద వేలమంది పరిగెత్తుతుంటే చూశాను. ముందు పోయే కెన్యా వాళ్లని కాదు, వెనక వచ్చిన మామూలు మనుషుల్ని. పొట్ట ఉన్నవాళ్లు, జుట్టు నెరిసినవాళ్లు, చీర కట్టుకుని పరిగెత్తుతున్న ఒక పెద్దావిడ. వాళ్లలో ఎవరూ పక్కవాడితో పోటీ పడటం లేదు. ప్రతివాడూ చేతి గడియారం చూసుకుంటున్నాడు. పోయినసారి తను పరిగెత్తిన టైముతోనే తన పోటీ. అది నా మనసుకి పట్టుకుంది. ముప్పై ఏళ్లు దాటిన మనిషికి తనను తాను దాటే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుంది?

రెండేళ్లకి నేనూ అక్కడ హాఫ్ మారథాన్ పరిగెత్తాను. 21 కిలోమీటర్ల 97 మీటర్లు, ఆ పైన ఇంకో అర మీటరు. రెండు గంటల తొమ్మిది నిమిషాలు పట్టింది. రెండు గంటల లోపు రావాలని ఆ రోజే పట్టుపట్టాను. అంటే కిలోమీటరుకి ఐదు నిమిషాల నలభై ఒక్క సెకన్లు, ఇరవై ఒక్కసార్లు, తడబడకుండా. మామూలు పరుగుగాడికి ఈ రెండు గంటలు ఎంత పెద్ద గోడో పరిగెత్తినవాడికే తెలుస్తుంది. పరుగు ప్రపంచానికి అదేమీ కాదు. మన దేశపు పరుగుగాడు శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో పూర్తి మారథానే రెండు గంటల పన్నెండు నిమిషాల్లో ముగించాడు. నేను సగం దూరానికి పెట్టిన టైముకి మూడు నిమిషాలు కలిపితే ఆయనకి మొత్తం దూరం అయిపోయింది. ఆయన చాలా పందేలు ఉత్త కాళ్లతో పరిగెత్తాడని చెబితే నాన్న నా బూట్ల వైపు చూసి, "వీటి ధర ఎంతన్నావు?" అని అడిగాడు. ఆ ధర మళ్లీ చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అప్పట్లో నా చేతికున్నది స్టాప్‌వాచ్ ఉన్న మామూలు గడియారం. దూరం చెప్పే గడియారం లేదు. రోడ్డు మీద లారీల బెడద. నిజాంపట్నం కాలువ కట్ట అయితే తెల్లవారుజామున నిర్మానుష్యంగా ఉంటుంది, మట్టి మెత్తగా ఉంటుంది, కానీ అక్కడ కిలోమీటరు రాళ్లు లేవు. ఆ మాట భోజనాల దగ్గర అన్నాను.

"నేను కొలిచి పెడతాను" అన్నాడు నాన్న.

సైట్‌లో నా దగ్గర ముప్పై మీటర్ల స్టీలు టేపు ఉంది. ఊళ్లో వాళ్ల పనులన్నీ టేపు పట్టి సరిచూసేవాణ్ణి. అయినా నాన్న కొలుస్తానన్నాక నేను టేపు తియ్యడమేమిటి? ఆయనకి అప్పటికి అరవై ఆరేళ్లు. పని మానేసి మూడేళ్లయింది. 'నేను చేసి పెడతాను' అని ఆయన అనగా ఆ మూడేళ్లలో వినలేదు.

రేపల్లెలో ఉండే మా మావయ్య చేత నిజాంపట్నం రేవు నుంచి వల తాడు తెప్పించాడు. వరండాలో కూర్చుని, ఇనప కడ్డీ వెంట తాడు పరిచి, కొస కొసకీ ఎర్ర దారం ముడి వేస్తూ యాభై మీటర్లు లెక్కపెట్టాడు. నేను రెండో కొస పట్టుకుని కూర్చున్నాను. ఆయన చేతులు కొట్లో కదిలినట్టే కదిలాయి, ఒక్క తేడాతో. కడ్డీ కొసన ముడి పడగానే అక్కడి నుంచే రెండో మీటరు ఎత్తుకున్నాడు. బొటనవేలు ఆనించలేదు. తాడు గుడ్డ కాదు కదా, దీనికి కొసరెందుకని నేనేమీ అడగలేదు. ఒకసారి తలెత్తి నా మొహం వైపు చూశాడు. నేను నవ్వాను. ఆయన మళ్లీ తల దించుకున్నాడు.

మూడు ఉదయాలు పట్టింది కట్ట కొలవడానికి. యాభై మీటర్ల తాడు ఇరవైసార్లు పరిస్తే ఒక కిలోమీటరు. ముందు కొస నాది, వెనక కొస ఆయనది. ప్రతిసారీ నేను మేకు గుచ్చి చెయ్యి ఊపితే ఆయన తాడు వదిలేవాడు. లెక్క తప్పకుండా జేబులో చింతపిక్కలు వేసుకున్నాడు. ఒక తాడుకి ఒక పిక్క ఈ జేబులోంచి ఆ జేబులోకి. మొదటి కిలోమీటరు ఒక కల్వర్టు గోడ దగ్గర పడింది. ఆయనే కుంచె పట్టి ఎర్ర రంగుతో 1 వేశాడు. అలా ఐదు దాకా. పోయి రావడం రెండుసార్లు చేస్తే ఇరవై, ఆపైన మిగిలిన కాస్తకి వేరే ఒక గుర్తు. ఐదో గుర్తు వేసేసరికి ఎండ ఎక్కింది. దూరంగా రేపల్లె రైలు కూత వినిపించింది. నాన్న కాలువ నీళ్లతో చేతులు కడుక్కుంటూ, "ఇంక నీ ఇష్టం" అన్నాడు.

ఆ రాత్రే ఆయనకి పందేల దారులు ఎలా కొలుస్తారో చెప్పాను. సైకిలు ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న లెక్క యంత్రం బిగిస్తారు. ముందు స్టీలు టేపుతో కొలిచిన తిన్నటి దారి మీద ఆ సైకిలు తొక్కి, చక్రం లెక్క సరిచూసుకుంటారు. తర్వాత పందెం దారంతా తొక్కుతారు. మలుపుల్లో పరిగెత్తేవాడు ఎంత దగ్గరదారి పట్టగలడో ఆ గీత మీదే తొక్కాలి. చక్రం లెక్కలోనే కిలోమీటరుకి ఒక మీటరు చొప్పున అదనంగా కలుపుతారు. ఎక్కడైనా పొరపాటు జరిగినా దూరం తగ్గిపోకూడదని. అలా మారథాన్‌కి నలభై రెండు మీటర్లు ఎక్కువే పడతాయి.

"అంటే కొసరు" అన్నాను ఉత్సాహంగా. "నీ బొటనవేలు లాంటిదే నాన్నా."

ఆయన నవ్వుతాడనుకున్నాను. "తక్కువ కొలిస్తే ఎవరికి తెలుస్తుంది?" అని అడిగాడు.

"రికార్డు పడితే మళ్లీ కొలుస్తారు. తక్కువ వచ్చిందంటే ఆ రికార్డు చెల్లదు."

"మళ్లీ కొలుస్తారా?"

"కొలుస్తారు."

"ఎన్నాళ్లకైనా?" అన్నాడు. నేను జవాబు వెతుక్కునేలోపే లేచి వెళ్లి పడుకున్నాడు.

ఆ చలికాలం నా జీవితంలో ఎన్నదగ్గది. కృష్ణా డెల్టాలో పరుగుకి పనికొచ్చేవి డిసెంబరు, జనవరే. తక్కిన పది నెలలూ ఉక్క మనిషిని పిండేస్తుంది. నాలుగున్నరకి లేచేవాణ్ణి. ధనుర్మాసం కావడంతో గుళ్లో మైకు నాకన్నా ముందే లేచేది. ఆడవాళ్లు కళ్లాపి చల్లి ముగ్గులు పెడుతూ, నేను ముగ్గు తొక్కకుండా పక్కకి దూకితే నవ్వేవారు. కట్ట ఎక్కేసరికి పొగమంచులో కాలువ కనిపించేది కాదు, నీటి చప్పుడే. అటు కోసిన వరిచేలు, కుప్పలు, కుప్పల మధ్య పచ్చగా తలెత్తుతున్న మినుము. మంచులోంచి ఒక్కో ఎర్ర అంకె బయటికొచ్చేది. 1. గడియారం నొక్కు. 2. నొక్కు. నాన్న తన సైకిలు మీద మొదటి గుర్తు దాకా వచ్చి, కల్వర్టు గోడ మీద మఫ్లరు చుట్టుకుని కూర్చునేవాడు. నేను నాలుగుసార్లు ఆయన ముందు నుంచి పోయేవాణ్ణి. ఒక్కసారీ 'శభాష్' అనలేదు. నేను దాటేటప్పుడు ఆ ఎర్ర ఒకటి అంకె వైపు చూసేవాడు.

డిసెంబరు ఆఖరి ఆదివారం మొత్తం దూరం పరిగెత్తి చూసుకున్నాను. గంటా యాభై ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు. రెండు గంటల గోడ కూలింది, కట్ట మీద. ముంబయిలో కూలడమే తరువాయి.

పందెం 2012 జనవరి 15, ఆదివారం. సరిగ్గా సంక్రాంతి. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కడానికి విజయవాడ బయల్దేరుతుంటే అమ్మ పండగ పూట ఇంట్లో లేకుండా పోతున్నానని కళ్లు తుడుచుకుంది. నాన్న మాత్రం, "అక్కడ దూరం సరిగ్గా ఉంటుంది కదా?" అని అడిగాడు. ఉంటుందన్నాను. "అయితే మంచిదే" అన్నాడు.

పందెంలో మొదటి రెండు కిలోమీటరు బోర్డుల మధ్యే గడియారం ఏడు సెకన్లు ఎక్కువ చూపించింది. జనం వల్ల అనుకున్నాను. జనం పలచబడ్డాక కూడా అదే ఏడు. కట్ట మీద ఏ ఊపిరితో ఐదు ముప్పై ఏడు వచ్చేదో, అదే ఊపిరికి ఇక్కడ ఐదు నలభై నాలుగు. పది కిలోమీటర్ల బోర్డు దగ్గర ఒక నిమిషం వెనకబడ్డాను. దాన్ని పూడ్చాలని శక్తికి మించి పరిగెత్తాను. పెద్దార్ రోడ్డు ఎత్తు ఎక్కేసరికి తొడలు రాళ్లయ్యాయి. మెరైన్ డ్రైవ్ మీద సముద్రం పక్కనే ఉన్నా అటు చూడలేదు. రెండు గంటల ఒక నిమిషం ఇరవై రెండు సెకన్లు. అంతకు ముందు టైము కన్నా ఏడున్నర నిమిషాలు మెరుగు. పక్కవాళ్లు చేతులు పట్టుకుని ఊపారు. నాకు మాత్రం చేతిలోకి వచ్చినదాన్ని ఎవరో లాక్కున్నట్టే ఉంది.

నెల రోజులు కాళ్లని, తిండిని, నిద్రని అనుమానించాను. దారిని అనుమానించలేదు. ఫిబ్రవరిలో పని మీద బాపట్ల వెళ్లినప్పుడు ఒక మైదానంలో సున్నం గీతలు వేసిన నాలుగు వందల మీటర్ల ట్రాక్ కనిపించింది. బూట్లు బండిలోనే ఉన్నాయి. రెండున్నర చుట్లు, కట్ట మీద అలవాటైన ఊపిరితో. ఐదు నిమిషాల నలభై నాలుగు సెకన్లు. ఇంకోసారి. ఐదు నలభై ఐదు. అవే ఏడు సెకన్లు. ముంబయి దాకా పోనక్కర్లేదు, అవి బాపట్లలోనే ఉన్నాయి.

మర్నాడు నాన్నకి చెప్పకుండా, సైట్ కుర్రాణ్ణి తోడు తీసుకుని, స్టీలు టేపుతో కట్ట ఎక్కాను. మొదటి కిలోమీటరు 980 మీటర్లు వచ్చింది. రెండోది 981. మూడోది 979. తాడు మంచుకి తడిసి కుదించుకుపోయిందేమో అనుకున్నాను. తడిసిన తాడు కుదించుకుపోవడం నిజమే. నాన్న తప్పు కాదు, తాడు తప్పు. ఆ మాట మనసులో అనుకుంటూనే ఇంటికి వచ్చాను.

నాన్న సాయంత్రం నడకకి వెళ్లాక మంచం కింద నుంచి కడ్డీ తీశాను. గుడ్డ విప్పి గచ్చు మీద పెట్టి టేపు పక్కన పరిచాను. తొంభై ఎనిమిది సెంటీమీటర్లు. టేపు ఇంకోసారి సరిచేసి పరిచాను. తొంభై ఎనిమిదే. కడ్డీ ఎత్తి వెలుతురుకి పట్టుకున్నాను. ఒక కొసన తూనికలు కొలతల వాళ్లు కొట్టిన ముద్ర ఉంది, ఏళ్ల తరబడి గుడ్డ రాసుకుని నున్నగా అరిగిపోయి. రెండో కొసన ముద్ర లేదు. ఆ కొస అరుగుదలతో వచ్చిన నునుపు కాదు. ఆకురాయితో రాసిన సన్నటి గీరలు, అడ్డంగా, ఒకే వైపుకి. గోరు పెట్టి రాస్తే తగులుతున్నాయి.

చాలాసేపు గచ్చు మీదే కూర్చున్నాను. యాభై మీటర్ల తానుకి ఒక మీటరు. రోజుకి ఎన్ని తానులు, అలా ఎన్నేళ్లు? కొలతకి ఊరంతా నమ్మిన మనిషి చేతిలో ఇలాంటి కడ్డీ పెట్టి, ఆయన నిజాయితీని అడ్డం పెట్టుకుని వ్యాపారం చేశారన్నమాట. ఆయన ముప్పై నాలుగేళ్ల గౌరవం ఈ ఇనప ముక్క మీద నిలబడి ఉంది. ఇది ఆయనకి తెలిస్తే తట్టుకోలేడు. కొట్లోంచి అడిగి తెచ్చుకున్న ఒకే ఒక్క వస్తువు ఇది.

గుడ్డ మళ్లీ అలాగే చుట్టి, అదే చోట పెట్టేశాను.

ఆ రాత్రి భోంచేస్తుంటే నాన్న అడిగాడు. "ముంబయిలో ఎందుకు తగ్గిందో తెలిసిందా?" ముంబయి నుంచి వచ్చిన రోజూ ఇదే అడిగాడు. ఆ రోజు తెలీదన్నాను. ఇప్పుడు తెలుసు కాబట్టి అబద్ధం చెప్పాల్సి వచ్చింది.

"నా కాళ్లలోనే లోపం నాన్నా. నువ్వు కొలిచిన దారి దారం పోగంత తేడా లేదు."

ఆయన కలుపుకున్న ముద్ద పళ్లెంలో అలాగే ఉండిపోయింది. నా ఓటమికి బాధపడుతున్నాడనుకున్నాను. చెయ్యి కడుక్కుని లేచాడు.

ఆ ఏడు నాన్న మోకాళ్లు బాగా సహకరించలేదు. సైకిలు మానేశాడు. సాయంత్రం నడిచి కల్వర్టు దాకా వెళ్లి వచ్చేవాడు, అంతే. దసరా వెళ్లాక నేను ఒక్కణ్ణే తెల్లవారుజామున వెళ్లి, టేపుతో కొలిచి, తెల్ల రంగుతో కొత్త గుర్తులు వేసుకున్నాను. ఆయన ఎర్ర అంకెలు చెరపలేదు. చెరపడానికి చెయ్యి రాలేదు. మొదటి తెల్ల గుర్తు కల్వర్టుకి అవతల తుమ్మచెట్టు మీద పడింది, చిన్నగా, ఎవరికీ కనపడనంత. ఐదో గుర్తు దగ్గర తెలుపుకీ ఎరుపుకీ మధ్య వంద మీటర్లు. రోజూ ఆ వంద మీటర్లు పరిగెత్తేటప్పుడు షావుకారు మీద కోపమొచ్చేది. ఫీజు గుర్తొచ్చేది. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. మరింత గట్టిగా పరిగెత్తేవాణ్ణి. నాన్న గౌరవం నేనే కాపాడుతున్నానని ఒక తృప్తి కూడా ఉండేది. అది నిజంగానే ఉండేది.

2013 జనవరి 20. ఈసారి బోర్డుకీ బోర్డుకీ గడియారం నాతోనే ఉంది. ఐదు నలభై, ఐదు ముప్పై తొమ్మిది, ఐదు నలభై. పెద్దార్ రోడ్డు ఎత్తులో పన్నెండు సెకన్లు పోయాయి, దిగుడులో తిరిగి వచ్చాయి. ఆఖరి కిలోమీటరులో తుమ్మచెట్టు మీది తెల్ల గుర్తుని తలుచుకుంటూ పరిగెత్తాను. గంటా యాభై తొమ్మిది నిమిషాల ముప్పై ఏడు సెకన్లు.

ఇంటికి వచ్చేసరికి నాన్న వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. మెడల్ ఆయన అరచేతిలో పెట్టాను. బరువు చూస్తున్నట్టు కాసేపు పట్టుకున్నాడు.

"ఎంత?"

చెప్పాను.

"సరైన మీటర్ల మీద తయారయ్యావుగా ఈసారి" అన్నాడు.

నేను మాట్లాడలేదు.

"తుమ్మచెట్టు మీద తెల్ల గుర్తు వేసిన వారమే చూశాను. కల్వర్టు నుంచి అంగలేసుకున్నాను. ఇరవై మీటర్లు."

"నీకు తెలీదనుకున్నాను నాన్నా."

"గుడ్డ కొలవడమే పనైనవాడికి రెండు సెంటీమీటర్లు తెలీవా? ఆ కడ్డీతో మొదటి తాను కొలిచినప్పుడే తెలిసింది. షావుకారు గల్లా దగ్గర లేనప్పుడు వేలు పెట్టేవాణ్ణి. జనం కొసరన్నారు. వాళ్ల గుడ్డ వాళ్లకే ఇచ్చాను, అంతే. ఆయన ఎదురుగా ఉంటే అదీ లేదు."

"మరి కట్ట మీద..."

"నీ తాడుకి వేలు పెట్టలేదు. నువ్వు చూస్తూనే ఉన్నావు."

చూస్తూనే ఉన్నాను. ఆయన తలెత్తి నా వైపు చూశాడు, నేను నవ్వాను.

"నోటితో చెప్పడం నావల్ల కాలేదురా. మళ్లీ కొలుస్తావని ఆ బద్దతోనే కొలిచాను. నువ్వు ముంబయి నుంచి వచ్చిన రోజు నుంచీ అడుగుతావని చూశాను. నీ కాళ్లలో లోపమన్నావు. ఇంక ఎవరితో చెప్పుకోను?"

"ఆ కడ్డీ కొట్లోకి వచ్చిన రోజే ఆయన్ని అడగాల్సింది నాన్నా." నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

ఆయన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె తెరిచిన చప్పుడైంది. నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం తెచ్చి, మెడల్‌తో పాటు నా చేతిలో పెట్టాడు.

"అడగడానికే వెళ్లాను. నేను నోరు తెరవకముందే ఇది తీసి ఇచ్చాడు."

మడతల దగ్గర చిరిగిపోకుండా నెమ్మదిగా విప్పాను. కాలేజీ ఫీజు రసీదు. 1997 జూలై. సివిల్, రెండో సంవత్సరం. విద్యార్థి పేరు ఉండాల్సిన చోట నా పేరు ఉంది.